భూదానంలో 'దానం' ఎవరిది?

మన తెలుగులో దానం 'పట్టేవాడు' వేరు, బిచ్చం 'ఎత్తేవాడు' వేరు. ఇద్దరూ చేయి చాచినవాళ్లే. దానం పట్టిన బ్రాహ్మణుడికి మాత్రం కాళ్లు కడిగారు, పైన దక్షిణ పెట్టారు. రాజులైతే అగ్రహారాలిచ్చి శాసనాలు చెక్కించారు. మా వాడలకు మిగిలింది 'ధర్మం చెయ్యండి దొరా' అన్న మాట. చెప్పులు కుట్టినందుకు, డప్పు కొట్టినందుకు కళ్లం కాడ రావాల్సిన గింజల్ని కూడా దయ తలచి పెట్టినట్టే కొలిచారు.

ఈ మాటనే 1951లో భూమికి తగిలించారు. ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే అడిగితే, దళితులు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నారు. సాయుధ పోరాటం ఇంకా ముగియని రోజులవి. దున్నేవాళ్లు భూమిని హక్కుగా పట్టుకున్న జిల్లా అది. అలాంటి చోట 'కావాలి' అన్న మాట 'దానం' అయిపోయింది.

వినోబాకు ఈ చిక్కు తెలియక కాదు. దానమంటే సమంగా పంచుకోవడమేనని శంకరాచార్యుల పేరు చెప్పి వివరించారు. అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరో కొడుకనుకుని వాటా ఇవ్వండన్నారు. మంచి మాటే, మేము కాదనం. కానీ అన్నదమ్ములు పొలం పంచుకుంటే దాన్ని దానమంటామా? పంపకం అంటాం. పంపకానికి పెద్దమనుషులు కూచుంటారు, గొలుసు పట్టి కొలుస్తారు, హద్దురాళ్లు పాతుతారు. తక్కువొస్తే తమ్ముడు కొట్లాడతాడు. దానంలో కొట్లాటకు తావేదీ? దానమిచ్చిన ఆవుకు పళ్లు పట్టి చూడొద్దని సామెతే ఉందాయె! చవుడొచ్చినా, రాళ్లగుట్టొచ్చినా దండం పెట్టి తీసుకోవాల్సిందే. భూదానంలో వచ్చిన నేలలో సాగుకు పనికిరానిదీ, కోర్టు తగాదాల్లో ఉన్నదీ చాలానే ఉందని ఆ ఉద్యమాన్ని మెచ్చుకున్నవాళ్లే ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి. ఆరో కొడుకు వినోబా, మాదిగోడు కాదు. పేదల తరఫునే అడిగారు, నిజమే. అయినా కొడుకు వరసలో నిలబడింది బ్రాహ్మణ సాధువు. చేయి చాచే వరసలో దళితుడు. ఆ సాధువు స్థానంలో వాడలో మనిషే నిలబడి 'నేను నీ కొడుకుని, నా వాటా తే' అని ఉంటే ఏ దొర ఊరుకునేవాడు?

ఊరు పేరు భూదాన్ పోచంపల్లి అయింది. 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన చట్టం పేరులోనూ భూదాన్, గ్రామదాన్ అనే ఉంది. అడిగించినాయన పేరూ, ఇచ్చినాయన పేరూ బడిలో చదివాం. 80 ఎకరాలు కావాలని లేచి చెప్పినోళ్ల పేర్లు మేము చదివిన పాఠాల్లో లేవు.