బండ మీద నలుపు

కర్ణాటకలో హంపికి పదిహేను కిలోమీటర్ల దూరంలో దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. 1994లో ప్రకటించారు. ముళ్లపొదలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లు, వాటి సందుల్లో గుహలు. కిష్కింధ ఈ చుట్టుపక్కలదేనని నమ్మకం, కనక జాంబవంతుడి వారసులు ఇక్కడ ఉండటంలో వింతేమీ లేదు. ఎండ తగ్గాక అవి బండల మీదికి వస్తాయి. అప్పటికే వాచ్‌టవర్ మీద కెమెరాలు సిద్ధంగా ఉంటాయి.

ఎలుగును తీయడంలో అసలు చిక్కు దూరం కాదు, నలుపు. ఎలుగు దూరాన చిన్నగా ఉండి, ఫ్రేమంతా మెరిసే బండే ఉంటే, కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఎలుగు సిరామరకలా మిగులుతుంది. అదే ఎలుగు ఫ్రేమంతా నిండితే కథ తిరగబడుతుంది: చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుతురు పెంచుతుంది, బొచ్చు బూడిదరంగుకు తిరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఆటోను నమ్మరు. ఎలుగు రాకముందే బండను చూసి ఎక్స్‌పోజర్ మాన్యువల్‌గా పెట్టేసుకుని, పొద్దు వాలేకొద్దీ సవరించుకుంటూ పోతారు. ఫోకస్‌దీ ఇదే గొడవ. చిక్కుపడ్డ నల్లబొచ్చులో దానికి పట్టు దొరక్క ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. లేతరంగు మూతి అంచు మీద గురిపెడితే నిలుస్తుంది.

అందరూ కోరుకునే ఫొటో తల్లి వీపు మీద పిల్లలున్నది. పిల్లల్ని ఇలా మోసుకు తిరగడం ఈ జాతి ఎలుగులకు అలవాటు. తల్లి మూతీ పిల్లల ముఖాలూ ఒకే దూరంలో ఉండవు కాబట్టి అపెర్చర్ కాస్త బిగించక తప్పదు. నా మటుకు నాకు పుట్ట తవ్వే ఎలుగే ఇష్టం. పొడుగాటి గోళ్లతో పుట్ట పగలగొట్టి, మట్టి ఊదేసి, పెదాలు గొట్టంలా సాచి చెదపురుగుల్ని లోపలికి పీల్చేస్తుంది. పైవరసలో ముందుపళ్లు రెండు లేకపోవడం ఆ పీల్పుకు అనువు. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

దరోజిలో మాత్రం ఎక్కువ ఫొటోల్లో ఎలుగు బండను నాకుతూ ఉంటుంది. సందర్శకులకు కనబడాలని బండలకు బెల్లం కలిపిన మేత పూయడం చాలా ఏళ్లు సాగిన పద్ధతి. అలా తీసిన ఫొటో అబద్ధమనను. కానీ కింద బెల్లం సంగతి రాయకుండా అడవిలో సహజ దృశ్యమని పోటీలకు పంపడం నాకు మింగుడుపడదు.

ముక్కుతాడు వేసిన ఎలుగును ఊళ్లలో ఆడించి, దాని వెంట్రుకలు పిల్లల తాయెత్తులకు అమ్మిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఇప్పుడు తాడు లేని ఎలుగును చూడటానికి మనుషులు టవరెక్కి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఈ ఫొటోగ్రఫీకి విలువంటూ ఉంటే ఇందులోనే ఉంది. టవర్ మర్యాదకే కాదు, రక్షణకు కూడా. ఎలుగుకు చూపు అంతంతమాత్రం. మనిషి దగ్గరికి వచ్చేదాకా పసిగట్టదు, ఉలిక్కిపడితే పారిపోవడానికి బదులు మీదపడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ సంగతి జీడితోటల రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ టవర్లూ పెద్ద లెన్సులూ ఎక్కడివి? ఉద్దానం ఎలుగు మనకు కనబడేది ఎక్కువగా ఊరివాళ్లు మేడ మీంచి ఫోన్లో తీసిన వీడియోల్లోనే.