మద్దెల మీద నెపం చెల్లని పందెం

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత కార్ల రేసుల్లో వినపడినంతగా మరే ఆటలోనూ వినపడదు. ఓడిన డ్రైవరు ఇంజన్ లాగలేదంటాడు, టైర్లు నిలబడలేదంటాడు. చిక్కేమిటంటే, చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. ఫార్ములా వన్‌లో ఏ జట్టు బండిని ఆ జట్టే తయారుచేసుకుంటుంది. మంచి బండి చిక్కిన ఓ మోస్తరు డ్రైవరు, వెనకబడ్డ బండిలో కూర్చున్న మేటి డ్రైవరును సునాయాసంగా దాటిపోతాడు. గెలుపులో మనిషి వాటా ఎంత, యంత్రం వాటా ఎంత అన్నది ఎప్పటికీ తేలదు. ఈ పేచీని తీర్చడానికి పుట్టిందే ఒకే మోడల్ బండ్లతో నడిచే చాంపియన్‌షిప్. అందరికీ ఒకే కంపెనీ బండి, ఒకే ఇంజన్, ఒకే టైరు ఇచ్చి, సీజన్ పొడవునా పోటీ పెట్టి, చివర్లో పాయింట్లు కూడి విజేతను తేల్చే పద్ధతి ఇది. రేసింగ్ మీద మోజు ఉన్నా డబ్బూ ట్రాకూ అండా లేని వరంగల్ లాంటి ఊళ్లకు, ఆ మాటకొస్తే రెండు తెలుగు రాష్ట్రాలకూ, ఒక్కరోజు అంతర్జాతీయ ఆర్భాటం కన్నా ఈ పద్ధతే మేలు చేస్తుందన్నది నా వాదన.

సమఉజ్జీల మధ్యే పోటీ ఉండాలన్న న్యాయం మనకు కొత్తది కాదు. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో పళ్లు చూసి విభాగాలు చేస్తారు. రెండు పళ్ల గిత్తలు రెండు పళ్ల గిత్తలతోనే, నాలుగు పళ్లవి నాలుగు పళ్లవాటితోనే తలపడతాయి. ఒక విభాగంలో బండ బరువు అందరికీ ఒకటే, ఇచ్చే సమయమూ ఒకటే. కార్ల విషయంలో ఇదే న్యాయాన్ని జీటీ తరగతిలో, అంటే రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారును రేసుకు తగ్గట్టు మలిచిన తరగతిలో, పకడ్బందీగా అమలు చేసింది పోర్షే. 1986లో జర్మనీలో 944 టర్బో కప్ మొదలైంది. 1990లో దాని స్థానంలో కరేరా కప్ వచ్చింది. 1993 నుంచి ఫార్ములా వన్ పోటీలు జరిగే వారాంతాల్లోనే పోర్షే సూపర్‌కప్ నడుస్తోంది. ఫెరారీ చాలెంజ్ కూడా 1993లోనే మొదలైంది. లాంబోర్గినీ సూపర్ ట్రోఫియో 2009లో, ఆసియాలో ఆడి ఆర్8 ఎల్ఎంఎస్ కప్ 2012లో వచ్చాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన సినీనటుడు అజిత్ కుమార్ జట్టు 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో మూడో స్థానం తెచ్చుకున్నది 991 అనే విభాగంలో. ఆ విభాగంలో పరిగెత్తేవన్నీ పోర్షే 911 జీటీ3 కప్ బండ్లే.

బండ్లన్నీ ఒకటేనని చెప్పడం తేలిక, దాన్ని సీజన్ పొడవునా నిలబెట్టడమే కష్టం. ఈ పోటీల అసలు పనితనం తనిఖీ షెడ్డులో కనపడుతుంది. ఇంజన్ మీద నంబరున్న సీలు ఉంటుంది. సీలు తెగి ఉంటే లోపల ఏమీ మార్చలేదని ఎంత మొత్తుకున్నా ఫలితం రద్దు చేయవచ్చు. రేసు అయ్యాక బండిని త్రాసు మీదికి ఎక్కిస్తారు. డ్రైవరుతో కలిపి కనీస బరువు లెక్కగట్టే చోట, బక్కపల్చటి డ్రైవరు బండిలో సీసం పలకలు బిగిస్తారు, తేలికగా ఉన్నందుకు ఎవరికీ అదనపు లాభం రాకుండా. ట్యాంకులోంచి ఇంధనం తీసి పరీక్షిస్తారు. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు కొలుస్తారు. వారాంతానికి ఇన్ని టైర్లే అని ముందే కోటా కట్టి, ఒక్కో టైరు మీదున్న బార్‌కోడ్ నమోదు చేస్తారు. జట్టు చేతికి వదిలేది కొద్దిపాటి సర్దుబాట్లే: టైర్లలో గాలి, వెనక రెక్క కోణం, సస్పెన్షన్ బిగువు లాంటివి. వేర్వేరు కంపెనీల జీటీ బండ్లు కలిసి పరిగెత్తే పోటీల్లో వేగాలను సరితూచడానికి నిర్వాహకులు ఒక బండికి బరువు పెంచి, మరో బండికి శక్తి తగ్గిస్తుంటారు. ఆ తూకం సరిగ్గా లేదన్న గొడవ ప్రతి సీజన్‌లోనూ రేగుతుంది. ఒకే మోడల్ పోటీలో ఆ గొడవకు ఆస్కారమే లేదు.

యంత్రం తేడా పోయాక మిగిలేది చేతుల తేడా. అది ఎంత సూక్ష్మంగా ఉంటుందో ఒక్క మలుపులో చూడవచ్చు. 2021లో వచ్చిన 911 జీటీ3 కప్ బండిలో 4 లీటర్ల, 6 సిలిండర్ల, 510 హార్స్‌పవర్ ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనకాల ఉంటుంది. బండి బరువు దాదాపు 1,260 కిలోలు. సూపర్‌కప్‌లో దీన్ని, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేకుండానే నడిపారు. మలుపు ముందు డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కగానే బరువు ముందు చక్రాల మీదికి వచ్చి పడుతుంది, వాటికి పట్టు దొరుకుతుంది. కాస్త ఎక్కువ తొక్కితే చక్రం బిగుసుకుపోయి, ఒకేచోట అరిగి, టైరు చదునవుతుంది. ఇక ఆ రేసంతా బండి వణుకుతూనే ఉంటుంది. స్టీరింగ్ తిప్పుతూ బ్రేకును కొద్దికొద్దిగా వదలాలి. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ఒక్కసారిగా వదిలేస్తే ముందు భాగం తేలికై బండి తిరగనంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, ఇంజన్ బరువున్న వెనక భాగం అవతలికి విసిరేస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని దారి మీద ల్యాపు తర్వాత ల్యాపు నడిచేవాడే ముందుంటాడు. బండ్ల వేగం ఒకటే కనుక దాటడమూ సులువు కాదు. ముందు బండి వెనక గాలి ఒత్తిడి తక్కువున్న చోట దూరి వేగం పెంచుకోవాలి. అలా దగ్గరగా అంటుకుని నడిస్తే మలుపుల్లో గాలి నొక్కుడు తగ్గి ముందు టైర్లు జారతాయి, వేడెక్కుతాయి. ఎప్పుడు అంటుకోవాలి, ఎప్పుడు వెనక్కి తగ్గి టైర్లను కాపాడుకోవాలన్న లెక్క కాలికి ఎంత అవసరమో తలకూ అంతే అవసరం.

ఒక్క రేసు చాలదా, సీజన్ అంతా ఎందుకంటే, ఒక్కరోజు గెలుపులో అదృష్టం పాలు ఎక్కువ. మొదటి మలుపులో వెనకాల ఎవరో గుద్దితే ఎంతటివాడైనా బయటికి పోవాల్సిందే. ఆరు రేసుల సీజన్ అనుకుందాం. గెలిచినవారికి 25, రెండో స్థానానికి 18 పాయింట్ల పద్ధతిలో ఒక డ్రైవరు మూడు రేసులు గెలిచి, మిగతా మూడింట్లో తొందరపడి బండి ధ్వంసం చేసుకుంటే అతనికి వచ్చేవి 75. ఒక్క రేసూ గెలవకుండా ఆరుసార్లూ రెండో స్థానంలో నిలిచినవాడికి 108. ఈ లెక్క దూకుడును పక్కనపెట్టమనదు, ఎక్కడ దూకాలో తెలుసుకోమంటుంది. ఎండలో ఒకలా, వానలో ఒకలా, తెలిసిన ట్రాక్ మీద ఒకలా, కొత్త ట్రాక్ మీద ఒకలా నడిపి కూడా అదే స్థాయి నిలబెట్టుకున్నవాడిని సీజన్ వెలికితీస్తుంది. రేసింగ్ విద్యను ఒక తరం నుంచి మరో తరానికి అందించేది ఈ పునరావృతమే.

దీనికి రుజువు వెతకడానికి యూరప్ వెళ్లనక్కర్లేదు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు మూలాల పారిశ్రామిక కుటుంబాల్లో లక్ష్మీ మిల్స్ కుటుంబం ఒకటి. ఆ కుటుంబంలో పుట్టిన సుందరం కరివర్ధన్ 1980ల్లో మారుతి 800లోని 796 సీసీ, 3 సిలిండర్ల ఇంజన్‌ను తీసుకుని, ఒక్కరే కూర్చునే రేసు బండి తయారుచేశారు. ఫార్ములా మారుతి అలా పుట్టింది. అది జీటీ కాదు, కానీ సూత్రం అదే: ఊరి షెడ్డులో దొరికే ఇంజన్, అందరికీ ఒకే రకం బండి, చేతనైతే గెలువు. నరైన్ కార్తికేయన్ శ్రీపెరంబుదూర్‌లో తొలి రేసు నడిపింది ఈ బండ్లతోనే. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు ఆయనే. అజిత్ కుమార్ కూడా ఫార్ములా మారుతి నడిపినవారే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆయన పేరుతో 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. మారుతి ఎస్టీమ్ ఇంజన్‌తో నడిచే ఎల్జీబీ ఫార్ములా 4 బండ్లు ఆ దారినే కొనసాగించాయి. మన దేశపు రేసింగ్‌కు పునాది వేసింది ఖరీదైన బండి కాదు, అందరికీ సమానంగా అందిన చిన్న బండి.

హైదరాబాద్ అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. నగరానికి చెందిన అనిందిత్ రెడ్డి 2016లో, 2017లో వరుసగా గెలిచిన యూరో జేకే సిరీస్ ఒకే రకం బీఎండబ్ల్యూ బండ్లతో నడిచిందే. 2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో అన్ని జట్లకూ ఇటలీలో తయారైన వుల్ఫ్ జీబీ08 థండర్ బండ్లే, వాటిలో ఏప్రిలియా మోటార్‌సైకిల్ ఇంజన్లే. ఆ ఏడాది హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో అనిందిత్‌తో పాటు 2016లో లెమాన్ 24 గంటల రేసు గెలిచిన నీల్ జానీ ఉన్నారు. లెమాన్ విజేతా మన కుర్రాడూ ఒకే రకం బండి నడిపి, ఒకే గడియారంతో కొలిపించుకునే అవకాశం మరే పద్ధతిలో దొరుకుతుంది? ఆ సీజన్ హుస్సేన్‌సాగర్ పక్కన తాత్కాలికంగా కట్టిన ట్రాక్ మీద మొదలైంది. తొలి వారాంతంలో ప్రమాదాలతో, జాప్యాలతో ప్రధాన రేసులు జరగలేదు. డిసెంబర్‌లో మళ్లీ అక్కడే ముగింపు పోటీలు నిర్వహించారు, టైటిల్ గాడ్‌స్పీడ్ కొచ్చి జట్టుకు దక్కింది. 2023 ఫిబ్రవరి 11న అదే చోట విద్యుత్ కార్ల అంతర్జాతీయ పోటీ ఫార్ములా ఈ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నగరం పేరు ప్రపంచమంతా వినపడింది. 2024లో జరగాల్సిన రెండో పోటీ రద్దయింది. ఒక్క పోటీకి వచ్చిన వెలుగు ఒక్క పోటీతోనే పోయింది. కోయంబత్తూరులో నాటిన చిన్న మొక్క దశాబ్దాల తర్వాత కూడా కాయలు కాస్తూనే ఉంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది డబ్బు. పోర్షే కప్ బండి కొని, ఒక సీజన్ నడపడం మామూలు కుటుంబానికి ఊహకందని ఖర్చు, ఇందులో సమానత్వం ఎక్కడుందని అడిగితే అది సరైన ప్రశ్నే. అయితే ఒకే మోడల్ పోటీ అంటే ప్రతివాడూ బండి కొనుక్కోవాలని కాదు. 2010లో మన దేశంలో మొదలైన ఫోక్స్‌వాగన్ పోలో కప్‌లో బండ్లను నిర్వాహకులే సిద్ధం చేసేవారు, డ్రైవర్లు వచ్చి నడిపి వెళ్లేవారు. బండి ఎవరి సొంతమూ కానప్పుడు మరమ్మతు, విడిభాగాలు, మెకానిక్కులు అన్నీ ఉమ్మడి ఖర్చవుతాయి. సొంత జట్టు పెట్టుకునే స్తోమత ఉన్నవాడికి లేనివాడిపై ఉండే ఆధిక్యం చాలావరకు తగ్గుతుంది. ఖర్చు పూర్తిగా పోదు. కానీ ఎక్కడ తగ్గించవచ్చో స్పష్టంగా కనపడేది ఈ పద్ధతిలోనే.

రెండో అభ్యంతరం ఇంజనీర్లది. బండిని తాకవద్దంటే కొత్త ఆలోచనలు ఎలా పుడతాయని వారి ప్రశ్న. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నిట్ ఉన్న వరంగల్‌లో ఈ ప్రశ్నకు మరింత బరువుంటుంది. దీనికి జవాబు అదే కరి ట్రాక్ మీద ఉంది. కళాశాల విద్యార్థులు సొంతంగా బండి గీసి, కట్టి, పోటీకి తెచ్చే ఫార్ములా భారత్ అక్కడ నడిచింది. సృష్టికి ఆ వేదిక, నడకకు ఈ వేదిక. రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. పైగా ఒకే మోడల్ బండిలో ఇంజనీరు పని తగ్గదు, పదునెక్కుతుంది. ఇంజన్‌ను ముట్టుకోలేనప్పుడు టైరు గాలిలో చిన్న తేడాను, బ్రేకు ఒత్తిడి గ్రాఫులో ఒక వంపును చదివి సెకనులో పదో వంతు రాబట్టాలి. ఇవాళ ఆటోమొబైల్ పరిశ్రమ కోరుకునే నైపుణ్యం సరిగ్గా ఇదే.

మూడోది అందరికన్నా ఎక్కువగా తల్లిదండ్రులు అడిగేది: రేసులు పెడితే పిల్లలు రోడ్ల మీద బైకులు ఎగరేయరా? పిల్లలు ఇప్పటికే ఎగరేస్తున్నారు, ప్రాణాలు పోతున్నాయి. ట్రాక్ మీద లైసెన్సు లేనిదే దిగలేరు. హెల్మెట్, మెడకు రక్షణ పట్టీ, మంటలకు ఆగే దుస్తులు లేకుండా బండెక్కనివ్వరు. పసుపు జెండా ఊపాక ముందువాడిని దాటితే శిక్ష తప్పదు. వేగం మీద ఆశను నియమానికి కట్టే చోటు అది. జనం తిరిగే వీధులను మూసేసి, వారాల తరబడి ట్రాఫిక్ మళ్లించి పోటీ పెట్టడం నగరానికి భారమన్న మాటలో మాత్రం నిజముంది. అందుకే శాశ్వతమైన ట్రాక్ కావాలి.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో వచ్చింది. దాని చుట్టూ మెకానిక్కులు, మార్షల్స్, డ్రైవర్లు, అధికారులు ఒక తరం తయారయ్యారు. హైదరాబాద్, వరంగల్ మధ్య దాదాపు 150 కిలోమీటర్ల దారిలో ఎక్కడో ఒకచోట చిన్నపాటి ట్రాక్, దాని మీద ఒకే రకం బండ్లు, ఏడాదికి నాలుగైదు వారాంతాల సీజన్, గో-కార్టింగ్ నుంచి ప్రతిభ చూసి ఎంపిక, బండ్ల కేటాయింపుకు చీటీ: ఇది అసాధ్యమైన కోరిక కాదు, ఫార్ములా ఈ లాంటి పోటీ ఖర్చుతో పోల్చదగ్గదీ కాదు. ప్రభుత్వం స్థలం ఇచ్చి, ఒక కార్ల కంపెనీ బండ్లు ఇచ్చి, మోటార్ క్లబ్బులు నియమాలు చూసుకుంటే చాలు. అప్పుడు హన్మకొండ పిల్లైనా కాజీపేట పిల్లాడైనా గెలవకపోవడానికి బండిని సాకుగా చూపలేరు. అంతకన్నా ముఖ్యంగా, గెలిచినప్పుడు ఆ గెలుపు డబ్బుదని, బండిదని ఎవరూ కొట్టిపారేయలేరు. మన పిల్లలకు మనం ఇవ్వాల్సిన న్యాయం అదే.