బోర్లిస్తే తెలిసే పెనం

అమెరికాలో పాత సామాన్ల సంతల్లో పోత ఇనుప పెనం కనిపిస్తే, తెలిసినవాళ్లు ముందు దాన్ని బోర్లిస్తారు. జాతకమంతా అడుగునే ఉంటుంది. వలయంలో శిలువ, దాని మీద పేరు ఉంటే పెన్సిల్వేనియాలోని ఈరీలో పోసిన గ్రిస్‌వోల్డ్. ఒహాయోలోని సిడ్నీలో 1891లో మొదలైన వాగ్నర్‌కీ మంచి పేరే. పేరేమీ లేక, అడుగు మధ్యన గరుకు గీత ఒకటి ఉంటే ఇంకా పాతది, చాలావరకు 19వ శతాబ్దపుది. కరిగిన ఇనుము అచ్చులోకి దిగిన చోటది. ఆ మచ్చను వేలితో తడిమి కాలం చెప్పగలవాళ్లంటే నాకెంతో గౌరవం.

వాళ్ల ఓపిక ఇంకా గొప్పది. దశాబ్దాల జిడ్డు పెచ్చు కట్టిన పెనాన్ని మంటల్లో పడేస్తే ఇనుము వంకర తిరుగుతుంది, ఎర్రబారుతుంది. అందుకే చేతులకు తొడుగులు వేసుకుని కాస్టిక్ సోడా నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. జిడ్డు ఊడుతుంది, ఇనుము చెక్కుచెదరదు. తర్వాత కడిగి, పొయ్యి మీద తడి ఆర్చి, నూనె రాస్తారు. అసలు పనితనం ఇక్కడే: రాసిన నూనెను రాయనట్టే తుడిచేయాలి. ఎక్కువైతే జిగట. సుమారు 230 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు బోర్లించి ఉంచితే ఆ పలుచటి పొర గట్టిపడుతుంది. మళ్లీ రాయడం, మళ్లీ కాల్చడం.

కొన్ని పాత పెనాల్లో ఒకప్పుడు తూటాల కోసం సీసం కరిగించారు. వంటకు దించేముందు సీసం పరీక్ష తప్పనిసరి.