హాస్టల్ దరఖాస్తు కన్నా ముందు

వేసవి సెలవులు అయిపోతున్నాయంటే మా సంఘంలో హాస్టల్ దరఖాస్తులు మొదలవుతాయి. ఆ కాగితాలు నింపేది సండేస్కూలు టీచర్నైన నేనే. నింపేముందు బిడ్డ ఇంటికి వెళ్తాను. అనాథ అని రాయమన్న బిడ్డకు చాలాసార్లు అమ్మ ఉంటుంది. కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేస్తుంటుంది, లేదా భర్త పోయి ఇక్కడే కూలికెళ్తుంటుంది. "మీ దగ్గరుంటే వేళకి తిండైనా తింటాడు కదండీ టీచరుగారూ" అంటుంది. ఆ తిండి ఇంటికే చేరితే ఆమె బిడ్డను పంపదు.

జార్జి ముల్లర్ 1836లో బ్రిస్టల్‌లో అనాథాశ్రమం తెరిచినప్పుడు, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల్నే చేర్చుకోవాలని నియమం పెట్టుకున్నాడు. ఆ ఏడే ఆయన బావమరిది గ్రోవ్స్ వెంట బౌడెన్, బీర్ దంపతులు ఓడెక్కి వచ్చి, తర్వాత మా నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్ పని మొదలుపెట్టారు. ముల్లర్ నియమాన్ని ఇవాళ మన హాస్టళ్లు మళ్లీ చదువుకోవాలి.

మిషన్ బోర్డింగు హాస్టళ్ల మేలు చిన్నది కాదు. ఊరిబడి గుమ్మం బయట నిలబెట్టిన పిల్లలకు పలకా బలపం ఇచ్చింది అవే. మా తాతగారు అక్కడే చదువుకున్నారు. దూరాన ఉన్న బడి కోసం హాస్టల్ వేరు, పేదరికం వల్ల అమ్మను వదిలి రావడం వేరు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తండ్రిలేని బిడ్డనూ భర్తలేని తల్లినీ కలిపే మనకు అప్పగించింది. మనం బిడ్డను తీసుకుని తల్లిని గుమ్మంలో వదిలేస్తున్నాం. దేవుని మాట నేర్పే పనిని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఇంటికే ఇచ్చింది. నాకు దొరికేది ఆదివారం ఒక గంట. రాత్రి పడుకోబెట్టి ప్రార్థన చెప్పించేది అమ్మే. కువైట్ నుంచి ఫోన్లో చెప్పించినా అది అమ్మ గొంతే. హాస్టల్లో ఉన్న బిడ్డకు రోజూ ఆ ఫోన్ అందాలి.

2015 బాలల న్యాయ చట్టం కూడా సంస్థలో ఉంచడం చివరి మార్గమనే అంటోంది. భర్త పోయిన, భర్త వదిలేసిన తల్లి దగ్గర పెరిగే బిడ్డకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి.

సంఘ పెద్దలూ, కాపరులూ, ఈ ఏడు హాస్టల్ కాగితం కన్నా ముందు ఆ కాగితం నింపండి. హాస్టల్‌కిచ్చే కానుకలో కొంత ఆ తల్లుల బియ్యానికి కేటాయించండి.