కక్కయ్య వెతికిన చోటు

కడప జిల్లా కందిమల్లాయపల్లెలో, ఇప్పటి బ్రహ్మంగారి మఠంలో, కక్కయ్య కథ తెలియనివాళ్లు అరుదు. ఓ రాత్రి పోతులూరి వీరబ్రహ్మంగారు శిష్యుడు సిద్ధయ్యకు దేహంలోని చక్రాల గుట్టు విప్పుతున్నారు. మూలాధారంలో గణపతి, స్వాధిష్ఠానంలో బ్రహ్మ, మణిపూరకంలో విష్ణువు, అనాహతంలో రుద్రుడు. చాటుగా విన్న మాదిగ కక్కయ్య ఇంటికెళ్లి, నిద్రపోతున్న భార్య కడుపు కోసి చూశాడు. నెత్తురూ పేగులే కనిపించాయి. అబద్ధం చెప్పావంటూ స్వామి మీదికొచ్చాడు. స్వామి ఆమెను బతికించారని, కక్కయ్య శిష్యుడయ్యాడని కథ ముగిస్తారు. ఆ ఇల్లాలి వైపు నుంచి ఈ కథ చెప్పినవాళ్లను మాత్రం నేను వినలేదు.

చిన్నప్పుడు దీన్ని మహిమ కథగానే విన్నాను. ఇప్పుడు వింటే, బోధను ఎలా చదవకూడదో ఆ సంప్రదాయమే చెప్పుకున్న కథలా తోస్తుంది. గురువు చెప్పింది వినేవాడి దేహం గురించి. కక్కయ్య పక్కమనిషి దేహంలో వెతికాడు.

మరి లోపల వెతకడమెలా? ఊపిరితో. రోజుకు 21,600 శ్వాసలని పాతవాళ్ల లెక్క. అందులో గణపతికి 600. బ్రహ్మ, విష్ణు, రుద్రులకు తలా 6,000. జీవాత్మకు, పరమాత్మకు, గురువుకు తలా 1,000. నిమిషానికి పదిహేను పడుతుంది, ఈనాటి డాక్టర్ల లెక్కలో ఇమిడేదే. ఇలా పంచాక దేవుడి పేరు ధ్యాస నిలపాల్సిన తావుకు గుర్తవుతుంది. పురాణంలో ఎక్కడో కైలాసంలో ఉన్న రుద్రుడు గుండె దగ్గరికొస్తాడు.

తత్వాలనే పాటలదీ ఇదే దారి. ఏకతార మీద పాడేది ఇంటి గురించో, కుండ గురించో, తోలుతిత్తి గురించో ఉంటుంది. తాళంచెవి అంకెల్లో దాస్తారు. ఐదుగురంటే ఇంద్రియాలు, ఆరుగురు దొంగలంటే కామక్రోధాదులు, తొమ్మిది వాకిళ్లంటే ఒళ్లు. పొడుపుకథ విప్పినట్టు విప్పుకోవాలి.

సిద్ధయ్య దూదేకుల ముస్లిం. కక్కయ్యకు గుడి గడప దాటే వీల్లేదు, వేదం వినే వీల్లేదు. వాళ్లకు ఒళ్లే గ్రంథమని చెప్పడంలోని తెగువ నాకు కాలజ్ఞానం జోస్యాలకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. బనగానపల్లె దగ్గరి రవ్వలకొండ గుహలో స్వామి కాలజ్ఞానం రాశారంటారు. 1693లో సజీవ సమాధి అయ్యారని భక్తుల నమ్మకం. ఏ ఉపద్రవం వచ్చినా జనం వెతికేది ఆ జోస్యాలనే. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫోన్ల నిండా అవే.

భజనల్లో మాత్రం పాత పద్ధతి నడుస్తూనే ఉంది. తత్వం ముగిశాక ఓ పెద్దాయన పిల్లల్ని ఆ తొమ్మిది వాకిళ్లు లెక్కపెట్టమంటాడు. కళ్లు, చెవులు, ముక్కుపుటాలు, నోరు తడుముకుంటూ ఏడు దాకా గబగబా వస్తారు. మిగిలిన రెండూ చెప్పలేక ఒకరి మీద ఒకరు పడి నవ్వుతారు.