22 శ్రుతుల హార్మోనియము

హార్మోనియముపై ఆల్ ఇండియా రేడియో 1940లో విధించిన నిషేధము 1971లో సడలినది. కాని ఆ వాద్యమువలన విద్యార్థి చెవికి కలుగు నష్టమెంత అను ప్రశ్న నిషేధమునకు పూర్వమే పుట్టినది, నేటికిని తీరలేదు.

స్థాయిని 12 సమభాగములు చేసిన పాశ్చాత్యపు మెట్లలో అంతరగాంధారము, షడ్జముతో తనకు సహజమైన 5:4 నిష్పత్తికంటె, అర్ధస్వరములో ఇంచుమించు ఏడవవంతు హెచ్చుగా పలుకును. స్వల్పమే, కాని తంబురా షడ్జపు తీగలో గాంధారము తనంత తాను మ్రోగుచుండును. ఆ రెండును ఒక్కచోట కలిసినప్పటి గరగర ఊహ కాదు.

కె. బి. దేవల్, ఇ. క్లెమెంట్స్ అనువారు 20వ శతాబ్ది ఆరంభమున 22 శ్రుతులను వాద్యములోనే అమర్చబూనిరి. వారి పరిశ్రమ గౌరవింపదగినది. రోగనిర్ణయము మాత్రము సగమే సరియైనది. స్థానములను సరిదిద్దిరి; స్వరము ఒక్క స్థానమున కుదురుగా నిలువదన్న సంగతిని విడిచిరి. తోడిలో గాంధారము ఊగుచుండును. ఆ ఊపునకు ఎన్ని మెట్లు అమర్పగలరు? పైగా ఏ రాగమునకు ఏ శ్రుతి తగునో ఎరిగినవాడే తగిన మెట్టు నొక్కగలడు. ఎరిగినవానికి ఆ పెట్టెతో పని తక్కువ. ఎరుగనివానికి అది దారి చూపదు.

తెలుగు పద్యనాటకరంగముపై, నటుని గొంతునకు ఆసరా కావలసినచోట, పాత 12 మెట్ల పెట్టెయే చాలినది.