షజ్రాలో లేని అమ్మ

తెలుగు ముస్లింని రెండు వైపుల నుంచీ ఒకే ప్రశ్న నిలదీస్తుంది. బయటివాళ్లు "మీరెక్కణ్ణుంచి వచ్చారు?" అంటారు. నువ్వు ఇక్కడివాడివి కాదన్న తీర్పు అందులో ముందే ఉంటుంది. లోపలివాళ్లు "మీ ఖాందాన్ ఏది?" అంటారు. నువ్వు అసలు ముసల్మానువేనా అన్న అనుమానం అందులో ఉంటుంది. మొదటి ప్రశ్నకు 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చిన దగ్గర్నుంచీ మన కవులు జవాబు చెబుతూనే ఉన్నారు. రెండో ప్రశ్నను మాత్రం మనం పెద్దగా ముట్టుకోలేదు. అది మన ఇంటి గుట్టు కాబట్టి.

ఈ రెండు ప్రశ్నలూ చివరికి కాగితం అడుగుతాయి. వంశానికి కాగితం ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవర్ని రాయకుండా వదిలేశారు అన్నది తేల్చకుండా మనం ఏ జవాబు చెప్పినా అది వాళ్ల లెక్కలోనే ఉంటుంది. ఈ సంగతి తేల్చుకోవడానికి మన హైదరాబాదు మీద వచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకం పనికొస్తుంది. అది 2002లో విలియం డాల్రింపుల్ రాసిన 'వైట్ మొగల్స్'.

కథ చాలామందికి తెలిసిందే. 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఇరాన్ మూలాలున్న సయ్యద్ ఖాందాన్ అమ్మాయి ఖైరున్నిసాను ముస్లిం పద్ధతిలో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. 1805లో పిల్లల్ని ఇంగ్లండు పంపించారు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తల్లి మళ్లీ పిల్లల్ని చూడలేదు. 1813లో ఆమె కూడా పోయింది. డాల్రింపుల్ రెసిడెన్సీ ఉత్తరాలూ, ఫార్సీ గ్రంథాలూ, ఇంగ్లండులో కుటుంబం దాచుకున్న కాగితాలూ వెతికి ఈ కథను కూర్చాడు. ఆ శ్రమకు మొక్కాల్సిందే. హైదరాబాదులో మతాలు కలిసి బతికాయని చెప్పుకోవడానికి సెక్యులర్ పాఠకులకు ఈ పుస్తకం చేతికందింది. నా పేచీ ఆ సంతోషంతోనే.

ఖైరున్నిసా పేరు మనకెందుకు దొరికింది? ఆమె అన్ని కాగితాల్లో ఎందుకుంది? ఆమె తాత నిజాం కొలువులో పెద్ద ఉద్యోగి. ఆమె బంధువు అబ్దుల్ లతీఫ్ షుష్తరీ 'తుహ్‌ఫతుల్ ఆలం' రాసినవాడు. అన్నిటికీ మించి ఆ పెళ్లి కంపెనీ రాజకీయానికి అడ్డం పడింది. రెసిడెంటు మనవైపా, నిజాంవైపా అని గవర్నర్ జనరల్ వెలస్లీకి అనుమానం వచ్చింది. 1801లో మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్ సాక్షుల్ని పిలిపించి విచారణ జరిపాడు. ఒక ఆడదాని బతుకు ఇంత వివరంగా కాగితానికెక్కింది ఆమె మీద గౌరవంతో కాదు. అనుమానంతో. పోలీసు ఫైల్లో పేరున్నవాడే చరిత్రకు దొరికినట్టు ఆమె దొరికింది.

మరి దొరకనివాళ్లు? 1780ల నాటి కంపెనీ ఉద్యోగుల వీలునామాల్లో మూడో వంతు ఇక్కడి 'బీబీ'లకో, వాళ్ల పిల్లలకో ఏదో ఒకటి రాసిచ్చినవని డాల్రింపుల్ చెబుతాడు. ఆ బీబీలెవరు? ఏ ఊరు, ఏ భాష, ఏ కులం? 2006లో దుర్బా ఘోష్ ఈ ప్రశ్ననే పట్టుకుని ఒక పుస్తకం రాసింది. చర్చి రిజిస్టర్లలో తండ్రి పేరు, హోదా, రెజిమెంటు ఉంటాయి. తల్లి దగ్గరకొచ్చేసరికి 'నేటివ్ స్త్రీ' అన్న మాటో, ఒక్క పొట్టి పేరో, వట్టి ఖాళీయో ఉంటుంది. ఇది గుమాస్తా బద్ధకం కాదని ఆమె వాదన. ఆ ఖాళీయే పాలన.

ఎందుకో తారీఖులే చెబుతాయి. 1786లో కలకత్తా అనాథ బడిలో చదివే మిశ్రమ సంతానం పై చదువుకు ఇంగ్లండు వెళ్లకుండా కంపెనీ ఆపేసింది. 1791లో తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే కంపెనీ కొలువు లేదన్నారు. 1795లో రెండు వైపులా ఐరోపా రక్తం లేనివాణ్ణి సైన్యంలో డప్పు కొట్టడానికీ, పిల్లనగ్రోవి ఊదడానికీ, గుర్రాలకు నాడాలు కొట్టడానికీ తప్ప తీసుకోవద్దన్నారు. తల్లి పేరు రాస్తే బిడ్డ నోటికాడి కూడు పోతుంది. అలాంటప్పుడు ఏ తండ్రి రాయిస్తాడు? ఇవాళ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ రిజిస్టర్ల నకళ్లు తిరగేసి తమ ముత్తవ్వ 'ఎవరో తెలియదు' అని రాసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆమె తెలియనిది కాదు. తెలియకుండా చేసినది.

కిర్క్‌పాట్రిక్ ఇంట్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. జేమ్స్ కంటే ముందు హైదరాబాదు రెసిడెంటుగా ఉన్న అన్న విలియం, పెళ్లి కాని సంబంధంలో పుట్టినవాడు. అయినా మేజర్ జనరల్ దాకా ఎదిగాడు. వంశంలో మచ్చ అందరికీ ఒకే బరువు కాదు. తెల్లతల్లి మచ్చను కంపెనీ మింగేసింది. నల్లతల్లి మచ్చకు చట్టం చేసింది.

సాహెబ్ ఆలం ఇంగ్లండులో బాప్తిజం తర్వాత విలియం జార్జి అయ్యాడు. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయ్యింది, ఇంట్లో కిట్టీ. కొత్త పేరుతో వెతికితే పాత ఊరు దొరకదు. కిట్టీకి తన అమ్మమ్మ షరఫున్నిసా మళ్లీ దొరికింది రిజిస్టరు వల్ల కాదు. చిన్నప్పటి జ్ఞాపకం పట్టుకుని, హైదరాబాదులో పనిచేసి వెళ్లిన ఒక పాత అధికారిని అడిగి, దాదాపు 36 ఏళ్ల తర్వాత ఉత్తరం రాసుకుంది. నాలుగేళ్లు నిండని పిల్లకు గుర్తున్న తల్లిని సామ్రాజ్యం గుర్తుంచుకోలేదు.

అయితే ఈ పుస్తకంలోని హైదరాబాదులో తెలుగు వినపడదు. ఆధారాలు ఎక్కువగా ఇంగ్లీషూ ఫార్సీ. కలయిక అంటే పెద్దింటివాళ్ల కలయిక. రంగమహల్లో నీళ్లు మోసినవాళ్లు, పిల్లలకు పాలిచ్చినవాళ్లు ఎవరి పూర్వీకులు? బహుశా మనవాళ్లే. కోఠిలో రెసిడెన్సీ భవనం మిగిలింది. రంగమహల్‌ను 19వ శతాబ్దంలోనే కూల్చేశారు.

తెల్లవాళ్లను తిట్టి ఊరుకుంటే విమర్శ సగమే. మన షజ్రాలు ఎలా ఉంటాయి? తండ్రి, ఆ తండ్రికి తండ్రి, అలా అరేబియా దాకా. మధ్యలో ఏ తల్లీ ఉండదు. అరబ్బు నేల నుంచి వచ్చాడనుకునే ఆ పెద్దమనిషి ఇక్కడ ఎవర్ని చేసుకున్నాడు? ఆమె ఏ భాషలో జోలపాడింది? ఆ తెలుగు తల్లిని రాయకపోవడం వల్లే మనం 'బయటినుంచి వచ్చినవాళ్లం' అయ్యాం. మనల్ని పరాయివాళ్లనేవాళ్లకు మన అష్రాఫ్ గర్వమే సాక్ష్యం చెబుతోంది.

జనాభా లెక్కల గుమాస్తా వచ్చి షేక్, సయ్యద్, మొగల్, పఠాన్ అని గడులు చూపించాడు. దూది ఏకేవాడు, రాయి కొట్టేవాడు ఏ గడిలో పడాలి? చాలామంది షేక్‌లో పడ్డారు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచినవాడాయన. అందులో దూదేకులవాళ్లు వాళ్ల వృత్తితో, హిందువులతో కలిసే ఆచారాలతో వింత మనుషుల్లా కనిపిస్తారు. ఆ పుస్తకం వాళ్లను సగం ముస్లింలంది. మన పెద్దలూ అదే అన్నారు. ఇద్దరికీ తేడా ఏముంది?

ఈ గడులు పాతబడిపోలేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బీసీ-ఇ చట్టం చేసినప్పుడు సయ్యద్, మొగల్, పఠాన్‌లను బయట పెట్టింది. పేదరికం మారకపోయినా, గొప్ప కోసం తాతలు రాయించుకున్న పేరు మనవడి ఉద్యోగానికి అడ్డం పడింది. అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన పౌర పట్టికలో 19 లక్షల పైచిలుకు మంది పేర్లు లేవు. అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. అక్కడా ఎక్కువ నలిగింది ఆడవాళ్లే. చిన్నతనంలో పెళ్లయి, బడికెళ్లక, పుట్టింటి తండ్రికి తాను కూతుర్నని చూపించే కాగితం లేనివాళ్లు.

అందుకే ఖైరున్నిసా కథను ప్రేమకథగా చదివి కళ్లు తుడుచుకుంటే సరిపోదు. ఆ కథకు బయట పేరు లేకుండా నిలబడ్డ వేలమంది తల్లుల గురించి అడగాలి. మన ఇళ్లలో ఎవరైనా వంశం రాయబూనితే నానీమా పేరు, ఆమె తల్లి పేరు, వాళ్ల ఊరు, చేసిన పని, మాట్లాడిన భాష రాయాలి. తెలియని చోట ఖాళీ వదిలెయ్యాలి. దాన్ని అరబ్బు పేరుతో నింపకూడదు. మనది కాని గొప్ప మనకొద్దు. ఆ ఖాళీకి సిగ్గుపడాల్సింది మనం కాదు, దాన్ని ఖాళీగా ఉంచినవాళ్లు.